మే నెలలో అడిగిన వాన

బోధన్ బస్టాండు వెనక మోటార్ల వైండింగ్ దుకాణం భీమన్నది. బోరు మోటారు కాలిపోతే చుట్టుపక్కల రైతులు దాన్ని ఆటోలో వేసుకొని ఆయన దగ్గరికే వస్తారు. కాలిన రాగి తీగ పీకేసి కొత్తది చుట్టడంలో ఆయన చేతికి తిరుగు లేదు. మా చర్చిలో ఇరవై ఏళ్లుగా ముందు వరసలో కూర్చునే మనిషి. ప్రార్థన చేయకుండా చెప్పులు కూడా కొనడని మేం ఆటపట్టించేవాళ్లం.

ఏ నిర్ణయానికైనా దేవుణ్ణి ఒక సూచన అడగడం ఆయన పద్ధతి. స్కూటర్ కొనాలా వద్దా అన్నది తేలకపోతే, "ప్రభువా, రేపు మొదటి గిరాకీ బోరు మోటారు తెస్తే కొంటాను" అని ప్రార్థించాడు. మోటార్ల దుకాణానికి మోటారు కాక బర్రె వస్తుందా? స్కూటర్ వచ్చింది. మేం నవ్వి ఊరుకున్నాం. అప్పుడే గట్టిగా మందలించాల్సింది.

పోయిన వేసవిలో ఆయన అన్న నర్సన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. చందూర్‌లో వరి పండించుకునే మనిషి, వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం నిజామాబాద్ తిరగాల్సి వచ్చింది. తండ్రి పోయినప్పుడు తాను బడి మానేసి పొలంలో దిగి, తమ్ముణ్ణి ఐటీఐ చదివించిన అన్న ఆయన. కిడ్నీ మార్చవచ్చని డాక్టర్లు చెప్పాక నేరుగా దుకాణానికే వచ్చాడు.

"తమ్మీ, ఒక్కసారి పరీక్షలు చేయించుకుంటవా? కలిస్తే నీదొక కిడ్నీ ఇస్తవా?"

"ప్రార్థన జేసి చెప్తనే అన్నా," అన్నాడు భీమన్న.

ఈసారి ఆయన అడిగిన సూచన ఇది: కిడ్నీ ఇవ్వడం దేవుని చిత్తమైతే ఆదివారంలోపు వాన పడాలి. అది మే నెల మూడో వారం. బయట తారు రోడ్డు కరుగుతోంది. బోర్లలో నీళ్లు అడుగంటి కాలిపోయిన మోటార్లు పదకొండు దుకాణంలో వరసగా ఉన్నాయి. ఎండలు ముదిరితేనే తనకు గిరాకీ అన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు.

ఆదివారం దాకా చుక్క పడలేదు. చర్చిలో లేచి, "అన్న సంగతిల ప్రభువు ఒప్పుకుంటలేడు," అని కంటనీరు పెట్టుకున్నాడు. ఏ సూచన అడిగావని మాలో ఒక్కరమూ అడగలేదు. దేవుని చిత్తానికి లోబడ్డ మనిషని మెచ్చుకొని, ఆమేన్ అన్నాం. నేనూ అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

ఆ మాటే చందూర్ వెళ్లి అన్నకూ చెప్పాడు. "మంచిది తమ్మీ. అన్నం తిని పో," అన్నాడంతే నర్సన్న. భీమన్న తిని వచ్చాడు.

తర్వాత జరిగింది భీమన్నే మా అందరి ముందు నిలబడి చెప్పుకున్నాడు. లేకపోతే ఇది రాసే హక్కు నాకు లేదు.

అడగాల్సింది అడిగింది ఆయన భార్య అనసూయమ్మ. "ఇంతకు ఏం సూచన అడిగినవ్?" అంది. విన్నాక చేతిలోని గంటె కింద పెట్టేసింది.

"మే నెలల వానా? దుకాణం నిండ కాలిన మోటార్లు పెట్టుకొనా? భయమైతే భయమని చెప్పు. మీ అన్న ముంగట దేవున్ని చెడ్డోన్ని జేస్తవా?"

ఆయన పదిహేను రోజులు ఇంట్లో తలెత్తలేదు. వాన ఎప్పటిలాగే జూన్‌లో వచ్చింది. రేకుల మీద చప్పుడు మొదలవగానే పని ఆపి కూర్చున్నాడట. దుకాణంలో ఎవరూ లేరు, అయినా ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదట.

మర్నాడు నిజామాబాద్ బస్సెక్కాడు. ఆసుపత్రిలో పరీక్షలకు రక్తం ఇచ్చి, డయాలసిస్ మీద ఉన్న అన్న మంచం దగ్గరికి వెళ్లాడు. వాన సంగతి, మోటార్ల సంగతి అంతా చెప్పేశాడు.

"భయమైందన్నా. దేవుని పేరు జెప్పి తప్పించుకున్న. నీ మొకం చూడనీకె సిగ్గయితుంది. ఈసారి సక్కగ ప్రార్థన జేసి వచ్చిన. దేవుడు ఏమన్నడంటే..."

నర్సన్న సూదులున్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు.

"నేను దేవున్ని అడగలే తమ్మీ," అన్నాడు. "నిన్నడిగిన."