రత్నక్క లేని అధ్యాయం

జెరాక్స్ మిషన్ నుంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి వాసన తగిలితే నాకు ఇప్పటికీ చిరాకు పుడుతుంది. ఆ వెనకే ఎస్తేరు మేడం గుర్తొస్తారు. నరసరావుపేటలో నా పీహెచ్‌డీకి ఆవిడే గైడు. నైపుణ్యం ఉన్నవాళ్ళను రానిస్తామంటూ దేశాలు రాసుకునే వలస విధానాల్లో ఏ మాటలు వాడుతున్నారు, ఆ మాటలు మనుషుల్ని ఏం చేస్తున్నాయి అన్నది నా పరిశోధన. ఆ విధానాల కాపీలు మేడం కట్టలు కట్టలు తీయించి నా ఒళ్ళో పడేసేవారు.

చివరి అధ్యాయం గర్వంగానే తీసుకెళ్ళాను. ఈ విధానాల నిండా కొరత, కోటా, వనరులు తప్ప మనుషులే లేరని దుమ్మెత్తిపోశాను అందులో. శుక్రవారంలోగా థీసిస్ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. మేడం చదివి కళ్ళజోడు తీశారు.

"బానే తిట్టావు. రేపు సత్తెనపల్లి పోదాం."

"మేడం, నాలుగు రోజులే ఉన్నాయి!"

"అందుకే రేపు అంటున్నా."

సత్తెనపల్లిలో ఉండే రత్నక్క నర్సు, మేడంకు తెలిసినావిడ. పన్నెండేళ్ళు వార్డులో పనిచేసి విదేశం వెళ్తే, అక్కడ ఆమె చదువు చెల్లదన్నారు. నైపుణ్యం లేని మనిషి కింద జమకట్టి, ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పనిలో పెట్టారు. తిరిగొచ్చేసి, నర్సుగానే పోతానని మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంది. నా అధ్యాయాన్ని ఆమెకు తెలుగులో వినిపించమన్నారు మేడం. ఒళ్ళు మండింది. అయినా వినిపించాను. రత్నక్క బట్టలు మడతపెడుతూ చివరిదాకా వింది.

"చానా బాగుందమ్మా. ఇంతకీ ఇదంతా ఎవురి గురించి?"

"నీ గురించే అక్కా."

"నా గురించా? యాడున్నా నేను?"

కాగితాలు తిరగేశాను. శ్రామిక గతిశీలత ఉంది, అర్హతల అవమూల్యీకరణ ఉంది. రత్నక్క లేదు. విధానం రాసినవాళ్ళు చేసిన పనే నేనూ చేశాను, పైగా వాళ్ళని తిడుతూ.

తిరుగు బస్సులో మేడంతో గొడవపడ్డాను. "ముందే తెలిసినప్పుడు చెప్పొచ్చుగా!"

"చెబితే వినే మొహమేనా నీది?" అని ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

అధ్యాయమంతా మళ్ళీ రాశాను. శుక్రవారం దాటిపోయింది, రిజిస్ట్రేషన్ పోయింది, మళ్ళీ చేరడానికి ఏడాది పట్టింది. మేడం మీద ఆ కోపం నాకింకా పూర్తిగా తగ్గలేదు. ఈసారి అధ్యాయం రత్నక్క మాటతోనే మొదలైంది: "పేషెంటు ఊపిరి మారితే గుమ్మంలోనే తెలుస్తది నాకు. దాన్ని ఏ కాయితంలో రాసుకుంటారంట వాళ్ళు?"

మేడంతో వెళ్ళి అది కూడా ఆమెకు చదివి వినిపించాను. ఆమె రెండో దరఖాస్తును కూడా తిప్పి పంపేశారు అప్పటికే, మొదటిసారి చెప్పిన కారణమే చెప్పి.

"ఇది నేనే," అంది రత్నక్క. "మరి దీన్ని వాళ్ళు చదువుతారా?"

నేను మేడం వైపు చూశాను. ప్రతిదానికీ జవాబు చెప్పే మనిషి, పక్కనున్న దుప్పటి అందుకుని మడతపెట్టసాగారు.

ఇప్పుడు నేనూ గైడునే. ఎవరి గురించి రాస్తే వాళ్ళకే ముందు వినిపించడం మేడం నాకు అంటించిన జబ్బు. విన్నవాళ్ళలో ఎవరో ఒకరు రత్నక్క చివర అడిగిందే అడుగుతారు. చదవరని చెప్పే ధైర్యం ఆ రోజు మేడంకు లేకపోయింది. నాకూ లేదు.