వీర్రాజు మాస్టారి ఐదో శృతి

వీర్రాజు మాస్టారి నంబరు నుంచి ఫోను వస్తే, ఎత్తగానే మాట వినిపించేది కాదు. ముందు ఒక ఊపిరి వినిపించేది. హార్మోనియం మీద ఏ మెట్టూ నొక్కకుండా తిత్తి ఆడిస్తే వచ్చే ఉత్త గాలి చప్పుడు లాంటిది. ఆపరేషన్ తరవాత ఆయన గొంతు అదే. తెలియనివాళ్లు రాంగ్ నంబరనుకుని పెట్టేసేవారు. నేను "చెప్పండి మాస్టారూ" అని ఆగేవాణ్ని. ఆ రోజు పొద్దున సామర్లకోట స్టేషన్‌లో బండి కోసం నిలబడి అలాగే ఆగాను. ఊపిరికి బదులు స్పష్టమైన ఆడగొంతు పలికింది. "నేనండీ, మహాలక్ష్మిని." మాస్టారి భార్య. ఆ నంబరు నుంచి అంత స్పష్టమైన గొంతు వినేసరికి, ఆవిడ చెప్పబోయేది చెప్పకముందే తెలిసిపోయింది. కొద్దిరోజుల జ్వరం, ఛాతీలో నెమ్ము. వీర్రాజు మాస్టారు ఇక లేరు. నేను ఎక్కాల్సిన బండి వచ్చి వెళ్లిపోయింది. నేను ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాను.

పద్యనాటకం చూసే అలవాటున్న గోదావరి జిల్లాల వారికి ఆయన్ని పరిచయం చేయనక్కరలేదు. కొత్త తరం వారి కోసం రాస్తున్నాను. వృత్తి వ్యవసాయం, ప్రాణం రంగస్థలం. రాజవేషాలకు పెట్టింది పేరు. ఊళ్లో కుర్రాళ్లకు పద్యం నేర్పేవారు కనుక అందరికీ మాస్టారే. నేను ఆయన పక్కన పాతికేళ్లకు పైగా హార్మోనియం వాయించాను.

ఒకసారి కోరుకొండ తిరునాళ్లలో పద్యం మధ్యలో కరెంటు పోయింది. మైకు పోయింది, లైట్లు పోయాయి. ఆయన ఆగలేదు. చీకట్లో రాగం సాగుతూనే ఉంది. జనం చివర బజ్జీలు వేస్తున్న మనిషి, నూనె చప్పుడు అడ్డొస్తోందని స్టవ్ తగ్గించేశాడట. మర్నాడు అతనే వచ్చి చెప్పాడు. "మీవల్ల రెండు వాయిలు మెత్తబడిపోయాయండీ బాబూ" అంటే, "అయితే ఆ మెత్తవి ఇటు పట్రా, మాకు పళ్లు సరిగ్గా లేవు" అన్నారు మాస్టారు.

ఆయన పాడింది ఐదో శృతి. అంటే హార్మోనియం పెట్టె మీద ఐదో తెల్లమెట్టు ఆధారంగా పాడడం. మగగొంతుకు అది ఎత్తు. ఆ ఎత్తులో గొంతు చిట్లకుండా గంటలకొద్దీ పాడేవారు. ఇంత చేసిన మనిషి నేను శృతి ఇవ్వనిదే నోరు తెరిచేవారు కారు. తెర పక్కనుంచి నావైపు చూసి, గడ్డం కొద్దిగా ఎత్తి ఆగేవారు. "నేను ఎంత పాడగలనో నాకు తెలుసు. కానీ శృతి నువ్వివ్వాలి. నాకు నేను ఇచ్చుకుంటే అది పాట కాదయ్యా, అరుపు" అనేవారు.

మెడలో థైరాయిడ్ గడ్డ పెరిగితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తీయించుకున్నారు. లేచేసరికి గొంతు లేదు. "వారంలో వచ్చేస్తుంది" అన్నారు. వారాలు నెలలయ్యాయి. వేరే ఊళ్లో మరో డాక్టరు కెమెరా పెట్టి చూసి, గొంతులో ఒకవైపు తీగ కదలడం లేదని, ఆపరేషన్‌లో నరం దెబ్బతిని ఉంటుందని చెప్పాడు. ఇలా జరగవచ్చని ముందుగా ఎవరూ మాస్టారికి చెప్పలేదు. పాడేవారని తెలిసి కూడా ఆపరేషన్‌కు ముందు ఆయన గొంతు పరీక్షించలేదు. మంచినీళ్లు తాగినా పొలమారేది.

పొలంలో ఆ చివరి కూలీలను ఈ గట్టు నుంచి పిలిచిన మనిషి, వంటింట్లో ఉన్న భార్యను పిలవడానికి పూజగంట పట్టుకుని తిరిగేవారు. మహాలక్ష్మి గారు విసుక్కునేవారు.

"గంట కొట్టేది దేవుడికండీ, నాకు కాదు."

"దేవుడికైతే మనం నైవేద్యం పెట్టాలి. ఇక్కడ నువ్వే పెడుతున్నావుగా" అనేవారు గుసగుసగా. నవ్వబోతే దగ్గు వచ్చేది.

ఆయన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశారు. ఆసుపత్రి తరఫున రాజీకి ఇద్దరు పెద్దమనుషులు ఇంటికొచ్చారు. ఆ రోజు నేనూ ఉన్నాను. "ఎంతో కొంత పుచ్చుకుని వదిలేయండి మాస్టారూ, డాక్టర్లతో మనకెందుకు?" అన్నారు వాళ్లు. ఆయన ఒక్కొక్క మాటా ఊపిరి పోగుచేసుకుంటూ చెప్పారు. "డబ్బు వద్దండి. ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా వీర్రాజు గొంతు బాగానే ఉందని రాసిమ్మనండి. నేను రేపే కేసు తీసేస్తాను." పెద్దమనుషులు కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆయనకు కావలసింది అదొక్కటే. ముసలితనంతో పోయిన గొంతు కాదని, తీసేసిన గొంతని ఎవరో ఒకరు అధికారికంగా అనాలి.

ఆసుపత్రి తరఫు వాదన సరిగ్గా అక్కడే. గొంతు అప్పటికే దిగజారిందన్నారు. సాక్ష్యంగా సెల్‌ఫోన్ వీడియోలు చూపించారు. అవన్నీ ఆపరేషన్‌కు ముందటి సీజనువి. వాటిల్లో మాస్టారు నాలుగో శృతిలో పాడారు. ఏళ్లనాటి పాతవి మేము చూపిస్తే, అప్పటి గొంతు అప్పటిదన్నారు.

ఆ సీజన్‌లో శృతి ఎందుకు తగ్గిందో తెలిసినవాణ్ని నేను.

ఒక ఊళ్లో స్టేజి మెట్లు దిగుతూ పెట్టెను జారవిడిచాను. లోపల ఐదో మెట్టు కింద స్వరం పలికే రీడు దెబ్బతింది. గాలి తగిలితే గీరుమనేది. పెట్టె పాడైందని నాటకాల కాంట్రాక్టర్లకు తెలిస్తే ఆ సీజన్‌కు ఇంకొకణ్ని పిలుస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. "కొన్నాళ్లు నాలుగులో పాడదాం మాస్టారూ, హాయిగా ఉంటుంది" అన్నాను. ఆయన నావైపు ఒక్క క్షణం చూసి "సరే, నువ్వు ఎలా ఇస్తే అలా" అన్నారు. నాలుగులో ఆ చెడ్డమెట్టు ఆధారం కాదు, రిషభంగా పడేది. తాకీ తాకనట్టు దాటించేవాణ్ని. సీజనంతా అలాగే గడిపాను. సీజన్ అయ్యాక ఆయన ఆసుపత్రిలో చేరారు.

కమిషన్‌లో మా వైపు సాక్షిని నేనే. ఆసుపత్రి లాయరు చాలా మర్యాదగా అడిగాడు.

"ఆపరేషన్‌కు ముందు ఏ శృతిలో వాయించారండీ?"

"నాలుగండి."

"అంతకుముందు?"

"ఐదండి."

"అంటే తగ్గింది. ఎందుకు తగ్గించారు?"

వెనక బెంచీ మీద ఇద్దరు కాంట్రాక్టర్లు కూర్చున్నారు. కేసు చూద్దామని వచ్చినవాళ్లు. వాళ్ల పక్కన మాస్టారు. ఆయన నావైపు చూసి గడ్డం కొద్దిగా ఎత్తి ఆగారు. తెర పక్కన ఆగినట్టే.

"వయసొచ్చింది కదండీ," అన్నాను. "గొంతుకు సుఖంగా ఉంటుందని."

ఆ మాట అన్నది నేను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. నా పెట్టె పరువు కోసం ఆయన గొంతు అప్పగించాను.

బయట మెట్లు దిగుతుంటే ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. తిడతారనుకున్నాను. "పెట్టె బాగు చేయించావా?" అని మాత్రం అడిగారు. "ఆఁ, చేయించానండి" అన్నాను. "మంచి పని చేశావు" అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కేసు ఓడిపోయారు. తీర్పులో నా మాట ఉంది. సాక్షే ఒప్పుకున్నాడు కనుక, గొంతు ముందే తగ్గలేదని నమ్మడానికి ఆధారం లేదన్నారు. ఆయన రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వేశారు. అది తేలకముందే వెళ్లిపోయారు.

పెట్టె ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఐదో మెట్టు మీదికి వేలు పోదు. పోయినప్పుడల్లా స్వరం కన్నా ముందు ఆ ఊపిరి వినిపిస్తుంది. పొలంలో మోటారు ఆగాక, ఇంట్లో ఫ్యాను ఆగబోయే ముందు, అదే ఊపిరి. ఎవరో చెప్పడానికి సిద్ధమై, నా శృతి కోసం ఆగినట్టు ఉంటుంది.

దినకార్యాలు అయ్యాక మహాలక్ష్మి గారి దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆయనకి మొదటిరోజే తెలుసండీ. మీరు పెట్టె తెరిస్తే రీడు గీరడం ఆయనకి వినపడదా? లాయరు గారికి చెబుతానని నేను ఎన్నిసార్లో అన్నాను. ఒద్దనేవారు."

"ఎందుకమ్మా?"

"వాడే చెప్పాలి, నాకు నేను శృతి ఇచ్చుకోకూడదు అనేవారు. నాకైతే ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతోంది, తమ్ముడు గారూ. నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సిన చోట చెప్పండి."

అప్పీలును వారసురాలిగా ఆవిడ కొనసాగిస్తున్నారు. నేను లాయరు గారి దగ్గరికి వెళ్లి, రీడు సంగతి, కమిషన్‌లో నేను ఆడిన అబద్ధం అఫిడవిట్‌గా రాసిచ్చాను. ఇప్పుడు దాన్ని తీసుకుంటారో లేదో చెప్పలేనన్నారు. అబద్ధపు సాక్ష్యానికి నామీద చర్య ఉండవచ్చని కూడా చెప్పారు. ఉండనివ్వండి. ఈ సంగతి చదివి నన్ను పిలవడం మానేసే కాంట్రాక్టర్లుంటే వారు చేసేది న్యాయమే.

ఈ నాలుగు మాటలు నివాళి అనిపించుకోవని నాకు తెలుసు. అటువంటి గొంతు మళ్లీ వినం. ఆ గొంతును మించిన ఓర్పును నేను మరొకరిలో చూడలేదు. నా పెట్టె చెడడానికి ముందటి సీజన్‌లో, ఏ ఊళ్లోనైనా, ఆయన ఐదులో పాడగా విన్నవారు మీలో ఉంటారు. మీ ఫోనులో ఆ పద్యం ఉండి ఉంటుంది. దయచేసి చెరిపేయకండి. మహాలక్ష్మి గారికి చేర్చండి. ఏమీ లేకపోతే, విన్నామని కమిషన్‌లో చెప్పడానికైనా రండి.

మాస్టారూ, ఐదు. ఆలస్యంగా ఇస్తున్నాను.