ఎర్ర గొడుగుల పెళ్లి

పెళ్లిళ్ల చరిత్రను రెండు యుగాలుగా విడగొట్టడం మనకు అలవాటు: పెద్దలు కుదిర్చిన యుగం, పిల్లలే కుదుర్చుకున్న యుగం. మూడోది ఒకటుంది. అది ఒకానొక మధ్యాహ్నం, చప్పుడు చేసే ఫ్యాను కింద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఒక పెళ్లి అలంకరణలావిడ ఎదుటి పెళ్లికూతుర్ని చూసి "ఊఁ, తర్వాత?" అనడంతో మొదలైంది. ఆ క్షణం ఎంత గొప్పదో అప్పట్లో ఎవరూ గుర్తించలేదు. ఆవిడ భర్త ఇప్పటికీ గుర్తించలేదు.

అంతకుముందు పెళ్లి అలంకరణ అంటే పూలు, దీపాలు, కుర్చీలకు తొడుగులు. ఎవరి పెళ్లయినా వేదిక ఒకటే. పేర్లున్న బోర్డు మారిస్తే సరిపోయేది. ఆవిడ ఊ కొట్టడం మొదలుపెట్టాక పెళ్లికూతుళ్లు నోరు విప్పారు. చిన్నప్పుడు రైలు టిక్కెట్లు దాచుకునేదాన్నని ఒకమ్మాయి చెప్తే, ఆ పెళ్లిలో భోజనాల బల్లలకు స్టేషన్ల పేర్లు పెట్టింది. అతిథులు తమ స్టేషను వెతుక్కోలేక చాలాసేపు ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టే నిలబడ్డారు. తన కుక్క పక్కన లేకుండా ఉంగరం తొడగనని ఒక పెళ్లికొడుకు పట్టుబడితే, కుక్కకి కోటు కుట్టించి, ఉంగరాల సంచీ దాని మెడకే కట్టింది. ఆ రోజు వేదిక మీద కాస్త నిబ్బరంగా ఉన్నది ఆ కుక్క ఒక్కటే. ఆ వృత్తిలోవాళ్లందరికీ ఆవిడ ఊకొట్టక్క అయిపోయింది. జంటల బాల్యాలన్నీ ఆవిడ చెవిలో పడి అక్కడే ఉండిపోయాయి.

అలాంటి మనిషి ఇంట్లో పెళ్లి కుదిరింది. ఒక్కగానొక్క కూతురు. ఊకొట్టక్క ఉవ్విళ్లూరుతూ పెన్సిలు చెక్కుకుని కూర్చుంది. కూతురు వచ్చి పెన్సిలు లాగేసుకుంది.

"నా పెళ్లికి నువ్వు పని చెయ్యవు."

"మరెవరు చేస్తారే?"

"ఒకతన్ని మాట్లాడుకున్నాం. నువ్వొచ్చి ముందు వరసలో కూర్చుంటావు. అమ్మలాగ."

"అమ్మలాగ అంటే?"

"అదే, కూర్చుని ఏడుస్తారు చూడు, అలాగ."

ఆ ఒకతను మర్నాడే వచ్చాడు. చంకలో టాబ్లెట్, ముఖంలో శ్రద్ధ. పెళ్లి ప్లానరు. కూతురు ఆఫీసుకి వెళ్లిందని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

"ఇది మీ అమ్మాయికి సర్‌ప్రైజు ఆంటీ. తన చిన్నతనంలోంచి ఒక్క జ్ఞాపకం చెప్పండి. హాలంతా దానిమీదే కట్టేస్తాను."

ఆవిడ చెయ్యి అలవాటుగా పెన్సిలు కోసం వెతికింది. అతను తల పక్కకి వంచి, ఎంతో ఓపికగా, "ఊఁ?" అన్నాడు.

ఎందరి మీదో ప్రయోగించిన అస్త్రం తన మీదికే వస్తే ఎలా ఉంటుందో ఆవిడకి అప్పుడు తెలిసింది. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది: "దానికి ఉరుములంటే భయమయ్యా. ఒక ఎర్ర గొడుగుండేది. ఉరిమిందంటే చాలు, ఇంట్లోనే అది తెరుచుకుని కింద దూరిపోయేది. వాన వెలిసినా బయటికొచ్చేది కాదు. అన్నం కూడా ఆ గొడుగు కిందే."

ప్లానరు కళ్లు తుడుచుకున్నాడు. "ఎర్ర గొడుగులు ఆంటీ! నలభై! పైకప్పంతా!"

అతను వెళ్లాక టీ గ్లాసులు కడుగుతూ ఆవిడ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ గొడుగు తన కూతురిది కాదు. ఎన్నో ఏళ్ల కిందట ఒక పళ్ల డాక్టరమ్మ చెప్పుకున్న బాల్యం అది. ఆ పెళ్లికి పైకప్పంతా ఎర్ర గొడుగులు కట్టింది కూడా తనే.

ఇక అప్పటినుంచి కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్తే ఎందుకొచ్చిందో మర్చిపోయేది, గుర్తు చేసుకోవడానికి పడగ్గదిలోకి వెళ్లేది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెట్టేది. ప్లానరు నంబరు నొక్కి, అటు మోగకముందే పెట్టేసేది. గొడుగు కాదు బాబూ అంటే, మరేమిటాంటీ అంటాడు. అక్కడే ఉంది చిక్కంతా. కూతురికి ఏ ఏడు ఏ సైజు బూట్లు కొన్నదో చెప్పగలదు. ఏ టీకా ఏ చేతికి వేయించిందో చెప్పగలదు. కాని ఆ పిల్ల దేనికి నవ్వేది, దేన్ని పట్టుకుని పడుకునేది? ఆ సెలవురోజులన్నిటా తను ఎవరి పెళ్లిలోనో నిచ్చెన మీద ఉంది. ఆ సంగతి ఇప్పుడు కూతురికి తెలియబోతోంది, అదీ నిండు పెళ్లిలో, నలభై గొడుగుల సాక్షిగా.

భర్త కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు. మాటలు కూడా అరగదీసి మరీ వాడేవాడు.

"ఏమండీ, మనమ్మాయికి చిన్నప్పుడు దేనిమీద ప్రాణం?"

"నిద్ర మీద."

"నిద్రని హాల్లో వేలాడదియ్యలేమండీ."

"అక్కర్లేదు. ఇద్దరు పెద్దమనుషుల చేత ఉపన్యాసాలిప్పించు, అదే వస్తుంది."

ఇక మిగిలింది ఒకటే దారి. గొడుగును కూతురి బాల్యం నుంచి తీయలేనప్పుడు, కూతురి బాల్యంలోకే గొడుగును దూర్చాలి. మర్నాడు కాఫీ ఇస్తూ యథాలాపంగా అంది: "చిన్నప్పుడు ఉరిమితే భలే భయపడేదానివే."

"నేనా? నువ్వు! నన్ను వాటేసుకుని కళ్లు మూసుకునేదానివి."

"గొడుగు కింద దాక్కునేదానివి కూడాను. ఎర్రది."

కూతురు కాఫీ పక్కన పెట్టి తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. ఉంటే బాగుండునని ఆవిడకి అనిపించింది.

పెళ్లిరోజున ముందు వరసలోనే కూర్చుంది, అంటే కుర్చీ అంచు మీద. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీస్తూ, వేస్తూ ఉంటే, పక్కనున్న వియ్యపురాలు ఆ బ్యాగు సౌమ్యంగా లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. తలుపులు తెరుచుకున్నాయి. మైకులో ప్లానరు గద్గద స్వరంతో గొడుగు కథంతా చెప్పాడు, ఉరుముల చప్పుడుతో సహా. జనం అయ్యో అన్నారు. కూతురు గుమ్మంలో ఆగి, తలెత్తి పైకప్పు చూసింది. తర్వాత తల దించి నేరుగా తల్లిని చూసింది. తల్లి తన చెప్పులు చూసుకుంది.

ఉంగరాలు మారాయి, చప్పట్లు కొట్టారు. ఆవిడకి ఏదీ కనిపించలేదు, వినిపించలేదు. ఫొటోకి పిలిచినప్పుడు వెళ్లి కూతురి పక్కన బిగుసుకుని నిలబడింది.

"ఎవరి గొడుగులమ్మా ఇవి?" అంది కూతురు చెవిలో.

ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"ఒక పళ్ల డాక్టరమ్మ గొడుగులే. నీ చిన్నతనం గురించి అడిగితే నాకేదీ గుర్తు రాలేదు."

"ఆంటీ, కొంచెం నవ్వాలి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

కూతురు కెమెరాకేసి నవ్వుతూనే, పెదాలు కదపకుండా అంది: "ఆ పెళ్లి నాకు తెలుసు. బడికి సెలవని నన్నూ తీసుకెళ్లావు. నిచ్చెన పట్టుకుంది నేనేగా."

"నీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? బాత్రూమ్‌కి వెళ్లాలమ్మా అంటే, ఇదొక్కటి కట్టేసి, ఇదొక్కటి కట్టేసి అన్నావు. మొత్తం కట్టేదాకా వదల్లేదు."

"అయ్యో! మరేం చేశావే?"

"అది పెళ్లివేదిక మీద చెప్పే మాట కాదు."

ఆవిడ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో పెళ్లికొడుకు తరఫువాళ్లు ఫొటో కోసం మెట్లెక్కేశారు, ఇద్దర్నీ పక్కకి జరగమన్నారు.

గొడుగులు అద్దెవి. భోజనాలు కాకముందే వాటికోసం లారీ వచ్చింది.