తాండూరు స్టేషన్ బయట కబాబ్ బన్ను

తాండూరు పోయివచ్చినవారు నాపరాళ్ల గురించీ కందుల గురించీ చెబుతారు. స్టేషన్ బయట నిలబడి తినే తిండి గురించి ఎవరూ రాసినట్టు లేదు. వికారాబాదు గ్రంథాలయంలో తెలుగు అలమార మొత్తం రెండుసార్లు చదివినవాణ్ని కనుక ఈ మాట ధైర్యంగానే అంటున్నాను. అందుకే ఇది రాసి ఉంచాలనిపించింది.

అమెరికాలో జనం కైమాను బిళ్లగా కాల్చి, గుండ్రటి రొట్టె మధ్య పెట్టుకుని, నడుస్తూనే తింటారని ఒక పత్రికలో చదివాను. దాని పేరు హాంబర్గరు. లైబ్రేరియన్ రామచంద్రంగారికి చూపిస్తే, "గందుకు అమెరికా దాంక ఎందుకయ్యా? తాండూర్ల హుసేన్ మియా దగ్గర తిను" అన్నారు.

ఆదివారం పొద్దున ప్యాసింజరులో మూడో తరగతి ఎక్కాను. ధారూరు దాటాక రెండువైపులా కంది చేలే. ఎండ ముదరకముందే తాండూరులో దిగాను.

గేటు పక్కన రేకుల కప్పు, ఒక పెనం, దాని వెనక హుసేన్ మియా. కూర్చోవడానికి బల్ల లేదు. కైమా, శనగపప్పు కలిపి నూరిన బిళ్లను కాల్చి, బన్ను చీల్చి అందులో పెట్టి, ఉల్లిగడ్డ, పుదీనా పచ్చడి వేసి, మోదుగాకులో చుట్టి ఇస్తాడు. బుగ్గన పాన్ పెట్టుకుని "కబాబ్ బన్! కబాబ్ బన్!" అని అరుస్తున్నాడు. ఒకటి తిన్నాను. పుదీనా ఘాటు ముక్కుకెక్కింది. అమెరికావారికి ఈ పచ్చడి సంగతి తెలిసినట్టు లేదు.

ఇంకొకటి కట్టించుకుని తిరుగు బండి కోసం ప్లాట్‌ఫారం మీదికి వచ్చాను. భుజాన గొంగడితో ఒక పెద్దమనిషి నా పొట్లం వంక అదేపనిగా చూస్తున్నాడు. పేరు మల్లయ్య, యాలాల్ దగ్గర గొర్లు కాసుకునే మనిషి.

"గది నీకెట్ల దొరికింది సారూ? దుకాణం బంద్ అన్నడు గద!"

"ఎవరన్నారు?"

"గా మియానే. కబాబ్ బంద్, కబాబ్ బంద్ అని ఒక్కతీర్గ మొత్తుకుంటుండు. గందుకే మర్లి వచ్చిన."

"బంద్ కాదు కాకా, బన్ను. ఆ రొట్టె పేరే బన్ను."

"గదేం పేరయ్యా, నీ పాడుగాను!" అని లేచాడు. ఆయన బిడ్డ ఎల్లమ్మ వికారాబాదు గుట్టమీది క్షయ దవాఖానలో ఉంది. వారం నుంచి ఏమీ ముట్టడం లేదు. కడుపులో ఏదైనా పడితేనే మందు పనిచేస్తుందని డాక్టరు చెప్పాడు. తాండూరు కబాబ్ రొట్టె తెస్తే తింటానన్నదట.

నా పొట్లం ఇవ్వబోయాను. "సల్లారింది తినది సారూ, ఇప్పుడు కాల్పిస్తేనే గుట్టదాంక వేడుంటది" అంటూ పరుగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను.

సంగతి విని హుసేన్ మియా పాన్ ఉమ్మేసి పెనం మీద కొత్త బిళ్ల వేశాడు. అంతలో బండి వచ్చేసింది.

"అయినకాడికి ఇయ్యి మియా!"

"బీమారున్న పిల్లకు పచ్చిది పెడ్తవా? పోయి ఎక్కు. నేనొస్త!"

ఎక్కాం. బండి కదిలింది. హుసేన్ మియా పొట్లంతో పరుగెత్తుకొచ్చాడు గాని మా పెట్టె అందలేదు. వెనక పెట్టె కిటికీలోకి అందించి, ఏదో అరిచి ఆగిపోయాడు. మల్లయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ధారూరులో దిగి వెనక పెట్టెకు పరుగెత్తాం. సేడం నుంచి వస్తున్న శాంతమ్మగారని, మెడలో లింగకాయ కట్టుకున్న లింగాయతు ఆవిడ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పొట్లాన్ని చేయిచాచి పట్టుకుని ఉన్నారు.

"శివశివా! మాంసమని ముందే చెప్పకూడదా ఆ సాయిబు? పిల్లకు బాగాలేదన్నాడని పారెయ్యలేదు. తీసుకోండి, తొందరగా!"

వికారాబాదులో దిగి మల్లయ్యతో గుట్ట ఎక్కాను. వరండా మంచం మీద ఎల్లమ్మ ఆకు విప్పి, వాసన చూసి, చిన్నగా కొరికింది. నమిలింది. మల్లయ్య ఆమె నోటి వంకే చూస్తున్నాడు. సగం పైగా తిన్నాక తలెత్తింది.

"నాయినా, ఉల్లిగడ్డ తక్వ ఏసిండు."

మల్లయ్య గొంగడితో మొహం తుడుచుకున్నాడు.

తాండూరు చూడదగ్గ ఊరే. దారి చెప్పిన రామచంద్రంగారికి, పెనం వదిలి పరుగెత్తిన హుసేన్ మియాకు, వాసన భరించిన శాంతమ్మగారికి, వెంట రానిచ్చిన మల్లయ్యకు, తిండికి వంక పెట్టిన ఎల్లమ్మకు నా కృతజ్ఞతలు.