నీళ్ళక్క మింగిన పాచి

ఆ ఊరి ఈతకొలనులో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఈత నేర్పే ఆవిడను అందరూ నీళ్ళక్క అనేవారు. భారీ మనిషి. వెడల్పాటి భుజాలు, ఖంగుమనే గొంతు. కొలను ఈ చివర నిలబడి "కాళ్ళాడించు!" అని ఒక్క కేక పెడితే, ఆ చివర గట్టు మీద కబుర్లాడుకుంటున్న తల్లులు కూడా ఉలిక్కిపడి కాళ్ళు సర్దుకునేవారు. నీళ్ళంటే వణికిపోయేవాళ్ళను ప్రత్యేకంగా ఆమెకే అప్పజెప్పేవారు. "భయం పోయాక దిగుతానంటే ఈ జన్మకి దిగవమ్మా. దాన్ని కూడా వెంటబెట్టుకుని దిగు, దానికి టికెట్టేం అడగరు" అని నవ్వించి, నడుం కింద చెయ్యి వేసి తేల్చేది.

చలికాలంలో కొలను మూసి నీళ్ళు తోడేసినప్పుడు, గోడలకు పట్టిన పాచి గోకడం కూడా ఆమె పనే. మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని, పొడుగు కర్ర బ్రష్షుతో పలకలన్నీ తెల్లబడేదాకా తోమేది. ఆ పచ్చటి జిగురంటే ఆమెకు చెప్పలేనంత కోపం. దాని మీద కాలు జారి ఒకసారి మోచెయ్యి విరగ్గొట్టుకుంది మరి.

అలాంటి ఒక చలికాలం, పని ముగించుకుని స్నానాలగదిలో సబ్బు రుద్దుకుంటుంటే, ఎడమ రొమ్ములో ఏదో గట్టిగా చేతికి తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ తడిమింది. ఉంది. షవర్ నీళ్ళు వేడిగానే పడుతున్నాయి గాని, ఒళ్ళంతా ఒక్కసారిగా చల్లబడింది.

ఆ తర్వాతవన్నీ చకచకా జరిగిపోయాయి. పరీక్షలు, ముక్క తీసి పంపడం, క్యాన్సర్ అన్న మాట, ఆపరేషన్. ఎడమ రొమ్ము తీసేశారు. అది మానీ మానకముందే కీమో మొదలుపెట్టారు. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక్కగానొక్క అక్క. కర్టెన్లు కుట్టే మనిషి. కుట్టుమిషనుతో సహా వచ్చి చెల్లెలి ముందుగదిలో దిగిపోయింది.

కీమో వాంతులు పెట్టింది, జుట్టు ఊడగొట్టింది. వాటికి నీళ్ళక్క ముందే సిద్ధపడి ఉంది. సిద్ధపడనిది నీరసానికి. కొలను ఆ చివరికీ ఈ చివరికీ అలుపు లేకుండా తిరిగిన మనిషి, మంచం మీంచి లేచి కిటికీ దాకా పోతే గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. నీరసం వెనకాలే భయం. మోకాలు నొప్పెడితే ఎముకలోకి పాకిందేమో, దగ్గొస్తే ఊపిరితిత్తుల్లోకి దిగిందేమో. పగలంతా ఒళ్ళు చెప్పే ప్రతి చిన్న కబురూ చెవొగ్గి వినడమే ఆమెకు పనైపోయింది.

కీమో గదిలో పక్క కుర్చీలో ఊలుటోపీ పెట్టుకున్న ఒక మాస్టారమ్మ కూర్చునేది. ఒకరోజు ఆవిడ పచ్చటి మాత్ర ఒకటి నోట్లో వేసుకుంటుంటే అక్క చూసింది.

"అదేం మాత్రండీ?"

"స్పిరులినా అండీ. నీళ్ళలో పెంచే పాచి లాంటిది. వేసుకుంటున్నప్పట్నించీ నాకు కాస్త ఓపికగా ఉంది. దానివల్లో, నా మనసువల్లో మరి."

ఆవిడ చివర అన్న మాట అక్క చెవికి ఎక్కలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే, బట్టలకొట్లో తెలిసినవాళ్ళ ద్వారా ఎవరో అమ్ముతుంటే ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. డబ్బా మీద పేరూ లేదు, ఊరూ లేదు. లోపల ముదురు పచ్చ పొడి. మూత తీయగానే నీళ్ళక్క ముక్కు మూసుకుంది.

"అక్కా, ఇది కొలను అడుగు వాసనే! ఇన్నేళ్ళూ బ్రష్షు పెట్టి గోకి పారేసినదాన్ని ఇప్పుడు చెంచాతో తినిపిస్తావా?"

"దానికీ నీ మీద పగ ఉంటుందిగా, తీర్చుకోనీ. నోరు తెరువు."

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వితే కుట్లు లాగాయి. అయినా చాలా రోజులకు వచ్చిన నవ్వు. ముక్కు మూసుకుని, పండ్లరసంలో కలిపి గటగటా తాగేసింది.

నిజం చెప్పాలంటే మొదట్లో బాగానే ఉన్నట్టనిపించింది. ఒకరోజు తనంతట తానే వీధి గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. అది పొడి మహిమో, రెండు కీమోల మధ్య ఒళ్ళు తనకు తానే తేరుకోవడమో ఆమె ఆరా తీయలేదు. ఆస్పత్రిలో అన్నీ వాళ్ళు చెప్పినట్టు జరిగేవి. ఇదొక్కటే తాను తన చేత్తో చేసుకుంటున్న పని. అందుకే అంత ముద్దొచ్చింది. అక్క కూడా హుషారెక్కి చెంచాను రెండు చెంచాలు చేసింది. డాక్టరుకు చెప్పాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. పాచేగా, మందు కాదుగా అనుకున్నారు.

తర్వాతి కీమోకి వెళ్ళిన రోజు డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివి పక్కన పెట్టింది. 

"ఈ రోజు మందు ఎక్కించడం లేదమ్మా. లివర్ పరీక్షలో తేడా కనిపిస్తోంది. స్కాన్ తీయించాలి. మేం రాసినవి కాక ఇంకేమైనా వాడుతున్నారా?"

నీళ్ళక్క అక్క వైపు చూసింది. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. చెబితే డాక్టరమ్మ కోప్పడుతుందేమో, ఇక వైద్యమే చేయనంటుందేమో, అక్కను నలుగురిలో నిలబెట్టి కడిగేస్తుందేమో. ఇన్ని భయాలూ ఒక్కసారే ముసురుకున్నాయి.

"లేదండీ," అంది.

ఇంటికొచ్చాక అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. లివర్ అన్న మాట ఇద్దరి తలల్లోనూ జోరీగలా తిరుగుతోంది. పాకిపోయిందన్నమాట. ఇంకేం మిగిలింది? పొడి మీద అనుమానం ఇద్దరిలో ఒక్కరికైనా రావాల్సింది. భయం ఆ దారికే పోనివ్వలేదు. పైగా, రోగం ముదురుతోంది కాబట్టి బలం ఇంకా కావాలని నీళ్ళక్క తానే అడిగి మరీ పూటకు మూడు చెంచాలు తాగింది. మునిగిపోయేవాళ్ళు దొరికిన మనిషి మెడకు ఎలా చుట్టుకుంటారో ఆమెకు బాగా తెలుసు. తాను చేస్తున్నది అదేనని మాత్రం తట్టలేదు.

మూడోనాటికి ఒళ్ళంతా దురద. పొద్దున మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటే కళ్ళల్లో తెల్లగుడ్డు పసుపుపచ్చగా మారి ఉంది. తువ్వాలు జారవిడిచి బేసిన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెతుక్కుంటూ వచ్చిన అక్క ఆ కళ్ళు చూసి, పొడి డబ్బాతో సహా చేతికందినవన్నీ సంచిలో కుక్కుకుని, ఆమెను ఆస్పత్రికి బయల్దేరదీసింది.

స్కాన్ గదిలో చలి. బల్ల మీద పడుకోబెట్టి, గుండ్రటి యంత్రంలోకి సగం దాకా జరిపారు. అద్దం అవతల్నించి మైకులో గొంతు వినిపించింది. "ఊపిరి పీల్చి బిగపట్టండి."

నీళ్ళక్క పీల్చింది. నిలవలేదు. ఒక్క మునకలో సగం కొలను దాటేసే మనిషి, గట్టిగా గుటక వేసేంతసేపు కూడా ఊపిరి ఆపలేకపోయింది. "మళ్ళీ ప్రయత్నిద్దామండీ," అంది గొంతు. మళ్ళీ వదిలేసింది. ఇందులోంచి బయటికొచ్చాక వాళ్ళు ఏం చెబుతారో, అది విన్నాక తాను నడవగలదో లేదో. ఉన్నట్టుండి ఆమెకు ఒకటే తోచింది. అబద్ధం చెప్పి పడుకున్న మనిషికి ఏ యంత్రం మాత్రం ఏం చూపిస్తుంది?

"ఆపండమ్మా. నేను డాక్టరు గారితో ముందు ఒక మాట చెప్పాలి. దయచేసి పిలవండి."

డాక్టరమ్మ వచ్చింది. నీళ్ళక్క బల్ల అంచున కూర్చుని, గౌను చేతులతో పట్టుకుని, పొడి సంగతి మొదట్నించీ చెప్పేసింది. మూడు చెంచాలతో సహా. తిట్లకు తలొంచుకుంది. తిట్లు రాలేదు.

"డబ్బా ఉందా?"

బయట కూర్చున్న అక్క సంచిలోనే ఉంది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఏముందో నాకు తెలీదు. అమ్మినవాళ్ళకీ తెలిసి ఉండదు. ఈ పాచిలో తినదగ్గవీ ఉంటాయి, లివర్‌ని పాడుచేసే విషం ఉన్నవీ ఉంటాయి. ఎక్కడ పెంచారో, ఏం కలిసిందో తెలియకపోతే చీకట్లో చెయ్యి పెట్టినట్టే."

"మరి కీమో గదిలో ఊలుటోపీ మాస్టారమ్మ దీంతోనే ఓపికొచ్చిందన్నారండీ," అంది అక్క, ఏడుపు ఆపుకుంటూ.

"ఆవిడ నన్ను అడిగే మొదలుపెట్టారు, సీసా కూడా తెచ్చి చూపించారు. నీరసం కొంత తగ్గొచ్చని కొందరంటారు గాని, గట్టిగా చెప్పేంత రుజువు లేదు. మీకు ఇది పొడివల్లే వచ్చిందని కూడా ఇప్పుడే చెప్పలేను. కీమో వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ముందు ఇది ఆపండి. స్కాన్ మాత్రం తీయాల్సిందే."

రెండోసారి పడుకున్నప్పుడు భయం ఏమీ తగ్గలేదు. ఊపిరి మాత్రం నిలిచింది.

స్కాన్‌లో లివర్ మీద మచ్చలేవీ కనబడలేదు, క్యాన్సర్ పాకలేదు. పొడి ఆపాక కళ్ళ పసుపు మెల్లమెల్లగా తగ్గింది, లివర్ పరీక్షలో అంకెలు దిగొచ్చాయి. పొడివల్లే అయ్యుండవచ్చని డాక్టరమ్మ అంది. ఆగిపోయిన కీమో చాలా ఆలస్యంగా మళ్ళీ మొదలైంది. ఆ ఆలస్యం ఏమైనా చెరుపు చేస్తుందా అని నీళ్ళక్క అడిగితే, "చేయదనే అనుకుంటున్నాం" అన్నారు. అనుకోవడం దగ్గరే ఆగిన ఆ మాటతోనే ఆమె కాలం గడపాల్సి వచ్చింది.

అక్క తిండి మానేసింది. మిషను మీద బట్ట పెట్టుకుని కుట్టకుండా కూర్చునేది. "నా చేత్తో నీకు విషం కలిపిచ్చానే" అని ఒకటే ఏడుపు.

"నోరు తెరిచింది నేనే కదే. మూడో చెంచా అడిగిందీ నేనే. నువ్వు అన్నం మానేస్తే నాకు వండేదెవరు? నీకు పుణ్యముంటుంది, లేచి తిను," అంది నీళ్ళక్క. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

వైద్యం పూర్తయ్యాక నీరసం ఒక్కసారిగా పోలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ కొంత నడిచింది, కొంత తింది, చాలా ఏడ్చింది. కొన్ని నెలలకు కొలను దగ్గర కుర్చీ వేసుకుని గట్టు మీంచి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. గొంతు మునుపటంత ఖంగుమనలేదు గాని, కాళ్ళాడించమంటే పిల్లలు ఆడించారు. ఎండలు ముదిరాక ఒకనాడు, ఒక పక్క చదునుగా ఉన్న ఈతదుస్తుల్లోనే మెట్లు దిగింది. ఆడవాళ్ళెవరూ అటు చూడనట్టు నటించారు. ఆ నటన చూసి ఆమెకు నవ్వొచ్చింది.

పరీక్షల రోజు దగ్గరపడితే మాత్రం ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మొన్న వెళ్ళినప్పుడు అక్క తన సంచి మొత్తం డాక్టరమ్మ బల్ల మీద బోర్లించింది. మాత్రల అట్టలు, విటమిన్ సీసా, నొప్పికి రాసుకునే మలాం, ఆఖరికి దగ్గుబిళ్ళలు.

"ఇవి కూడానా అమ్మా?" అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ.

"లోపలికి పోయేవన్నీ చూసుకోండి తల్లీ. మళ్ళీ మీరు అడగడం, మా చెల్లి ఏమీ వాడట్లేదనడం నేను చూడలేను."

డాక్టరమ్మ కాగితం విప్పింది. నీళ్ళక్క బల్లకింద అక్క చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు గాజులు ఒత్తుకుపోయినా అక్క చెయ్యి లాక్కోలేదు.

"బాగుందమ్మా. ఈసారికి అంతా బాగుంది."

"ఇంకోసారి చెప్పండి," అంది నీళ్ళక్క.