మామ వేసిన మార్కులు

పోయిన వారం తిరువళ్లూరు స్టేషను దగ్గరికి కూరగాయలకని వెళ్లి రేడియో కొనుక్కొని వచ్చాను. వంకాయలు మరిచిపోయాను. సెల్‌ఫోను కవర్లు, టార్చిలైట్లు, దోమల బ్యాట్లు అమ్మే తోపుడుబండి మీద అరచేతిలో పట్టేంత నల్లటి ప్లాస్టిక్ రేడియో ఒకటి తనలో తాను గొణుక్కుంటూ కనిపించింది. బండివాడు తమిళంలో మొదలుపెట్టి, నా మాటతీరు కనిపెట్టి తెలుగులోకి దిగాడు. "ఎఫ్ఎం పెట్టుమ్మా, పక్కన కూసోని పాడినట్టే ఉంటాది. ఆ మీట తిప్పబాక, అది మీడియం వేవు, ఉత్త గరగర." నేను ఆ మీటే తిప్పాను. ఎండలో, ఆటోల మోతలో, ఆ గరగర వెనక ఎక్కడో చాలా దూరాన ఒక మగగొంతు తెలుగులో ఏదో చెబుతూ పైకి తేలి మళ్లీ మునిగిపోయింది. ఏం చెప్పిందో తెలియలేదు. నాకు మాత్రం తిరుత్తణిలో మా మామ అంగడి, యూరియా ఘాటు, గల్లాపెట్టె మూత మీద సుద్దముక్క గీతలు అన్నీ వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. బండివాడు చిల్లర ఇస్తూ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

మామ మా అమ్మకు తమ్ముడు. తిరుత్తణి బజారులో ఎరువులూ విత్తనాలూ అమ్మేవాడు. ఇంట్లో, అంగట్లో, బహుశా కలలో కూడా తెలుగే మాట్లాడే మనిషి. చదివింది తమిళ బడిలో కనుక తెలుగు ఒక్క అక్షరం రాయలేడు, చదవలేడు. తమిళనాడు అంచున ఉండే మా వైపు ఇది వింతేమీ కాదు. చాలా ఇళ్లలో నోటికి ఒక భాష, చేతికి ఒక భాష. నేను ఆర్.కె.పేట పక్కన తెలుగు బడి ఉన్న రోజుల్లో చదువుకున్నాను కాబట్టి చుట్టాల పెళ్లిపత్రికలు, పొలం పాత కాగితాలు, తిరుపతి సంబంధాలకు రాసే జాబులు అన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. పౌరోహిత్యం తప్ప అన్నీ చేశాను. మామ రేడియో జాబులు కూడా అందులోనే చేరాయి.

ఆయన పాత రేడియో చెక్కపెట్టె అంత ఉండేది. అది ఒకనాడు పొగ వదిలి ఊరుకుంది. బాగుచేసేవాళ్లంతా అప్పటికే సెల్‌ఫోన్లకు మారిపోయారు. నేను తిరువళ్లూరులో ఆఫీసు ఉద్యోగం చేస్తుండేదాన్ని కాబట్టి కొత్తది కొనే పని నా మీద పడింది. ఉన్నవాటిలో చవకది కొన్నాను. కొన్న చోట చెన్నై ఎఫ్ఎం బ్రహ్మాండంగా పలికింది. ఎంతో గొప్ప పని చేసినట్టు ఆదివారం పొద్దున రైలెక్కి, కిటికీ పక్కన దాన్ని చెవికి ఆనించుకొని కూర్చున్నాను. తిరువాలంగాడు దాటాక వరిమళ్లు మెల్లగా వెనక్కి పోతుంటే ఆ పాట కొంచెం కొంచెంగా అరిగిపోయి, తిరుత్తణి కొండ కనబడేసరికి ఇసుక రాలే చప్పుడు మిగిలింది. నాకు నిద్రా మెలకువా కాని స్థితి. పాట ఎక్కడ ఆగిందో కూడా చెప్పలేను. మామ దాన్ని చేతిలో పెట్టుకొని బరువు చూసి, "ఇది రేడియోనా, సబ్బుపెట్టెనా పాపా?" అన్నాడు. ఆ తర్వాత మీట మీడియం వేవుకు తిప్పి, గల్లాపెట్టె మీద పెట్టి, మెల్లగా చుట్టూ తిప్పసాగాడు. మీడియం వేవులో రేడియో మొహం ఎటు తిరిగితే అటు ఒక స్టేషను తేటపడుతుంది. ఒక చోట కొండల అవతలి తెలుగు స్టేషను దొరికింది. వెంటనే అక్కడ సుద్దముక్కతో గీత గీసి, పక్కన తమిళంలో పేరు రాశాడు. సాయంత్రానికి మూత నిండా గీతలే.

స్టేషన్లకు ఆయన మార్కులు వేసేవాడు. తేటకు వందకు ఇన్ని, నిండుకు ఇన్ని, నిలకడకు ఇన్ని అని. చెన్నై ఎఫ్ఎం కోసం డాబా ఎక్కి మరీ విన్నాడు. తేటకు ఎనభై ఇచ్చి, నిండు దగ్గర నలభైతో సరిపెట్టాడు. తెలుగు స్టేషనుకు తేట కాస్త తగ్గినా నిండుకు తొంభై. "ఆ గొంతులో మనిషి ఉండాడు పాపా. దీంట్లో గొంతొకటే ఉండాది," అనేవాడు. ఆదివారం ఆదివారం ఆయన చెబుతుంటే నేను తెలుగులో కార్డు రాసి ఆ స్టేషనుకు పోస్టు చేసేదాన్ని. పరీక్ష పేపర్లు దిద్దే అయ్యవారికైనా అంత శ్రద్ధ ఉండదు. వేరుశనగ విత్తనాలకు వచ్చినవాళ్లు ఆయన మార్కులు తేలేదాకా నిలబడాల్సిందే.

ఆ ఏటి వానకాలంలో మార్కులు పడిపోసాగాయి. తేట అరవై, మరుసటి వారం నలభై, తర్వాత ముప్పై. "వాళ్ల మిషను పాతబడినట్టుండాది. కవనించి చూసుకునేవాళ్లు లేరు పాపం," అన్నాడు. నా చెవికి ఆ గొంతు ఎప్పటిలాగే నిండుగా, తేటగా వినిపిస్తోంది. కాఫీ నెపంతో అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. "నేను పిలిచేది చెవిటోని ముందర శంకం ఊదినట్టుండాది. అంగట్లో ఒకటడిగితే ఇంకోటి ఇస్తాండాడు. నువ్వు చెప్పబాక పాపా. చెవి పోయిందని తెలిస్తే రేపే అంగడి మూసి మూల కూర్చుంటాడు." నేను చెప్పలేదు. ముప్పై అని రాయడానికీ చేయి రాలేదు. ఎక్కడో ఒక గదిలో కూర్చొని గొంతు సవరించుకొని చదివే మనిషి ఏం పాపం చేశాడని? నాకు వినిపించినంత రాశాను. అంకెలైతే మామ పట్టుకుంటాడని "తొంభై" అని అక్షరాల్లో పెట్టాను. ఆయన కార్డును పైనుంచి కిందిదాకా చూసి, "బాగా రాసినావు," అన్నాడు. తిరుగు రైల్లో మనసు పీకింది. అయినా అట్లా ప్రతి వారం రాస్తూ వచ్చాను.

చలి తగిలిన ఒక ఆదివారం పొద్దున్నే నేను అంగట్లో ఉండగా రేడియోలో శ్రోతల జాబులు చదివే సమయం వచ్చింది. మామ రేడియో ముందే కూర్చొని ఉన్నాడు. తిరువాలంగాడు వైపు రైతు ఒకాయన ఎరువు బస్తా కోసం నిలబడి ఉన్నాడు. ఆ గొంతు మెల్లగా తిరుత్తణి అంది, మామ పేరు చదివింది, తేటకు తొంభై మార్కులు ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పింది. సరిగ్గా అప్పుడే మామ రేడియోను తట్టి నా వైపు తిరిగాడు. "చూడు, ఈ పొద్దు ముప్పై కూడా రాదు."

రైతు నవ్వేశాడు. "నీ పేరే చదవతాండారు మామా! తొంభై ఏసినావంట గదా!" అని గట్టిగా అరిచాడు. ఆ అరుపు మామకు వినబడింది.

బస్తా మోసుకొని రైతు వెళ్లిపోయాక మామ రేడియోను ఒక చెవికి ఆనించుకున్నాడు, తర్వాత రెండో చెవికి.

"నేను ముప్పై అంటి. నువ్వు తొంభై రాసినావు. ఎవురిది కరెక్టు?"

"నాది, మామా," అన్నాను, ఆయనకు వినబడేంత గట్టిగా. అంత గట్టిగా చెప్పవలసి వచ్చినందుకు ఏడుపొచ్చింది.

"ఎన్నాళ్లుగా?"

"వానకాలం నించి."

తిడతాడనుకున్నాను. ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. "అట్లయితే ఆ చదివే ఆయప్పకు మనం ఒక్క వారం కూడా అన్యాయం చేయలేదు. బతికినాం పో," అన్నాడు. కార్డు తియ్యమన్నాడు. "రాయి. అయ్యా, మీ స్టేషను బాగుండాది. నా చెవులు బాగలేవు. ఇంకమీదట నేను మార్కులు వేసేది న్యాయం కాదు." ఆగి, నా మొహంలోకి చూసి, "ఈసారి మార్చబాక పాపా," అన్నాడు. ఒక్క అక్షరం మార్చలేదు. కన్నీళ్లు సిరా మీద పడకుండా చూసుకోవడమే పెద్ద పనైంది.

అత్త భయపడినట్టు ఆయన అంగడి మూయలేదు. వచ్చినవాళ్లందరికీ ముందే, "చెవుడప్పా, గట్టిగా చెప్పు," అనేవాడు. రేడియో మాత్రం పొద్దున్నే పెట్టేవాడు, వచ్చినవాళ్లు వినాలని. వింటున్నవాళ్ల మొహాలు చూస్తూ కూర్చునేవాడు. అట్లా ఇంకో నాలుగేళ్లు కూర్చున్నాడు, ఆ తర్వాత లేడు. కాలం గడిచేకొద్దీ మసకబారేది లోకం కాదు, మనమేనని అంత మర్యాదగా ఒప్పుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.