ఎంగిలైన ఎడమచేయి

నా చిన్నప్పుడు మా తాతయ్య నల్లకోటు తొడుక్కున్నాడంటే పిల్లలందరికీ ఆ రోజు పండగే. మామూలు రోజుల్లో ఆయన నోటికి జడవని వాళ్ళు ఇంట్లో లేరు. మజ్జిగ పలచనైతే ఒక అరుపు, ఎద్దు తాడు వదులుగా కడితే ఇంకో అరుపు. పటాలంలో సిపాయిగా పదిహేనేళ్ళు ఉండి వచ్చిన మనిషి, గొంతు అక్కడే పెద్దదయిందని మా అవ్వ అనేది. అలాంటి మనిషి కోటు తొడిగితే చాలు, గొంతు దిగిపోయేది. ఏమడిగినా కాదనేవాడు కాదు, ఎంత విసిగించినా కసిరేవాడు కాదు. బొరుగుల ఉండలు, రబ్బరు బంతి, ఒకసారి ఏకంగా ఒక మేకపిల్ల, అన్నీ కోటు రోజుల్లో సాధించుకున్నవే.

అవ్వ మాత్రం ఆ రోజుల్లో ఇంకోలా ఉండేది. "ఈ దినం మీ తాత కోటేసుకుండాడు. ఎవురూ ఆయప్పతో జగడం పెట్టుకోవద్దండి" అని వాకిట్లోకి వచ్చి మరీ చెప్పేది. మా నాన్నకు కూడా అదే మాట. ఎందుకని అడిగితే పొయ్యి వైపు తిరిగేది.

నాకు మనుషుల్ని గమనించే దురలవాటు అప్పటి నుంచే ఉంది. కోటు రోజున తాతయ్య ఎండ మండిపోతున్నా దాన్ని విప్పి కొయ్యకు తగిలించడు. హోటల్లో కూర్చోవాల్సి వస్తే ఎడమ భుజం గోడకు ఆనేలా మూల చూసుకుంటాడు. సావాసగాళ్ళు కల్లంగడికి పిలిస్తే "ఈ దినం వద్దప్పా" అంటాడు. మామూలు రోజుల్లోనైతే వాళ్ళు పిలవకముందే లేచేవాడు. ఎవరైనా తగాదాకు దిగితే తప్పు తనదేనని ఒప్పేసుకుని వచ్చేస్తాడు. ఇదంతా చూసి ఆయన ఏ దేవుడికో మొక్కుకున్నాడని, కోటు ఆ మొక్కుకు గుర్తని నేను గట్టిగా నమ్మాను.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది, మీకు ముందే చెప్పేస్తాను. ఆ కోటు కింద, ఎడమ నడుము దగ్గర, లైసెన్సున్న రివాల్వరు ఉండేది. ఆయన ఆ కోటు తొడగడం మొదలుపెట్టడానికి రెండేళ్ళ ముందు మా ఊళ్ళో పొలం గట్టు తగాదాలో ఒక మనిషిని పట్టపగలు నరికి చంపారు. చూసినవాళ్ళు చాలామంది. కోర్టుకు వెళ్ళి చూశానని చెప్పినవాడు మా తాతయ్య ఒక్కడే. నరికినవాడు జైలుకు పోయాడు, వాడి తమ్ముళ్ళిద్దరు బయట ఉన్నారు. తాతయ్యను బతకనిచ్చేది లేదని వాళ్ళు అంగడి వీధిలో నిలబడి అన్నారు. అందుకని ఆయన అర్జీ పెట్టుకుని రివాల్వరు తెచ్చుకున్నాడు. ఊరు దాటి వెళ్ళే రోజున తప్ప దాన్ని పెట్టెలోంచి తీసేవాడు కాదు. సాక్ష్యం సంగతి మాకు తెలుసు, దాన్ని గురించి బడిలో గొప్పలు కూడా చెప్పుకునేదాన్ని. రివాల్వరు సంగతి మాత్రం పిల్లలెవరికీ తెలియదు.

ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాలి. తాతయ్యది పుర్రచేతి వాటం. కొడవలి, గొడ్డలి, చివరికి సంతకం కూడా ఎడమచేత్తోనే. తిండి మాత్రం చిన్నప్పుడు వాళ్ళమ్మ కొట్టి కొట్టి కుడిచేతికి మార్చిందట. అన్నం దగ్గర ఎడమచేతిని ఆయన విస్తరాకు అంచు కూడా తాకనిచ్చేవాడు కాదు. రెండోది, ఆయుధపూజలో పెట్టే ఏ పనిముట్టునూ ఎంగిలి చేత్తో ముట్టకూడదు. సంగటి తింటూ తింటూ కొడవలి అందుకున్నందుకు మా నాన్నకు పెళ్ళయ్యాక కూడా వీపు మీద ఒకటి పడింది.

మా ఊరు బైరెడ్డిపల్లె పక్కన. ఐదో తరగతి పాసయ్యాక నాకు మదనపల్లెలో హాస్టల్ సీటు వచ్చింది. అమ్మానాన్నలు శనక్కాయ విత్తనాల పనిలో ఉంటే తాతయ్య నన్ను తీసుకుని బయలుదేరాడు. పొద్దున ఆయన కోటు తొడగడం చూసి నాకు సంబరమైంది. ఇల్లు వదిలి పోతున్న దిగులు కూడా సగం తగ్గింది. ఏమేమి అడగాలో రేకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో దారిపొడవునా ఆలోచించుకున్నాను.

పుంగనూరులో బస్సు మారాలి. అప్పటికి మధ్యాహ్నమైంది. బస్టాండుకు ఎదురుగా, రోడ్డుకు అవతల భోజనం హోటలు, దాని పక్కనే సారాయి అంగడి. తాతయ్య గుమ్మంలో నిలబడి లోపలంతా ఒకసారి చూసి గోడవార కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చుని కోడిగుడ్డు వేపుడు కావాలన్నాను. వచ్చింది. ఇంకోటి కావాలన్నాను. అదీ వచ్చింది. తాతయ్య పెరుగన్నం కలుపుకుంటుండగా ఆ తమ్ముళ్ళిద్దరూ లోపలికి వచ్చారు. వాళ్ళకంటే ముందు సారాయి వాసన వచ్చింది.

"ఏం సాక్షీ, కోర్టులో బలే మాట్లాడితివే. ఈడ మాట్లాడు సూద్దాం" అన్నాడు పెద్దవాడు.

తాతయ్య తల ఎత్తలేదు. "పిల్లను హాస్టల్లో ఇడిసిపెట్టేదానికి పోతాండానప్పా. మా పాటికి మేం పోతాం" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నాకు నచ్చలేదు.

చిన్నవాడు బల్ల మీది చెంబు ఎత్తి ఆయన విస్తరాకులో నిదానంగా నీళ్ళు పోశాడు. పెరుగన్నం, ఊరగాయ కలిసి బల్ల అంచు నుంచి ఆయన పంచె మీదికి కారాయి. తింటున్నవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. హోటలాయన వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాడు గానీ ముందుకు రాలేదు. తాతయ్య కుడిచేయి ఆకులోనే ఉంది. ఎడమచేయి బల్ల కిందికి పోయింది. ఎదురుగా ఉన్నాను కాబట్టి కోటు అంచు కొంచెం లేవడం నాకు కనిపించింది. జేబుగుడ్డ తీస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన ముఖం మాత్రం నేను అంతకుముందు ఎన్నడూ చూసిన ముఖం కాదు.

కాసేపటికి ఎడమచేయి పైకి వచ్చింది. అందులో ఏమీ లేదు. దాన్ని తెచ్చి, నీళ్ళలో నానుతున్న ఆ అన్నంలో మణికట్టు దాకా దించాడు. రెండు చేతులతోనూ మెతుకులు పిసుకుతూ అలాగే కూర్చున్నాడు.

ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత చిన్నవాడు పగలబడి నవ్వాడు. "ఎడంచేత్తో తింటాండాడు సూడండ్రా! ముసిలోనికి మతి పొయ్యిండాది." నవ్వు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పాకింది. తాతయ్య "తప్పయిపోయిందప్పా, పొండి" అన్నాడు. ఏం తప్పో ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. పిచ్చివాడితో ఏం కొట్లాట అనుకున్నారేమో, పెద్దవాడు ఆయన నెత్తి మీద రెండు తట్లు తట్టి తమ్ముణ్ణి లాక్కుని వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మా తాతయ్య ఎవరికీ భయపడడని ఎంతమందికి చెప్పుకున్నానో అంతమందీ ఆ హోటల్లో కూర్చుని నవ్వుతున్నట్టే అనిపించింది.

చేతులు కడుక్కునే తొట్టి గుమ్మం పక్కనే ఉంది. తాతయ్య కడుక్కోలేదు. మెతుకులంటిన చేతులు రెండూ ముందుకు చాపి అలాగే రోడ్డు మీదికి వచ్చాడు. తమ్ముళ్ళు సారాయి అంగడి అరుగు మీద కూర్చుని ఇంకా కేకలు వేస్తున్నారు. లారీలు, జట్కాలు, ఆవుల్ని తోలుకుపోయేవాళ్ళు, రోడ్డంతా రద్దీగా ఉంది. ఎప్పటిలాగే తాతయ్య దాటించడానికి నా వైపు చేయి చాపాడు.

"ఎంగిలి చెయ్యి. నేను పట్టుకోను" అన్నాను.

ఆ చేయి కాసేపు అక్కడే ఆగి తర్వాత వెనక్కి పోయింది. నేను పెట్టె ఎత్తుకుని ఒక్కదాన్నే పరిగెత్తి దాటాను.

మదనపల్లె బస్సు ఎక్కాం. టిక్కెట్టుకు తన కోటు పైజేబులో చేయి పెట్టి నన్ను చిల్లర తీయమన్నాడు. అప్పటికి ఆయన వేళ్ళ మీద అన్నం ఎండి తెల్లగా అట్టకట్టింది. హాస్టల్ ముందర కొళాయి దగ్గర కుడిచేయి ఊరికే కడుక్కున్నాడు, ఎడమచేయి చాలాసేపు కడుక్కున్నాడు. "పొయ్యొస్తానమ్మా, బాగా సదువుకో" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాను. ఏమడిగినా ఇచ్చే కోటు రోజు అది. దారంతా ఆలోచించుకున్నవాటిలో ఒక్కటీ అడగలేదు.

దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. ఆయుధపూజకు అవ్వ నాగలి, కొడవళ్ళు, గొడ్డలి, కత్తిపీట వరసగా పెట్టి పసుపూ కుంకుమా అద్దుతోంది. వరసలో ఒకచోట జానెడు ఖాళీ వదిలింది, తర్వాత గుర్తొచ్చినట్టు గొడ్డలిని అందులోకి జరిపింది. పోయిన ఏడు అక్కడ గుడ్డలో చుట్టిన మూట ఉండేది. అదేమైందని అడిగాను. అవ్వ వీధి వైపు ఒకసారి చూసి మొదటి నుంచి అంతా చెప్పింది. నన్ను హాస్టల్లో దింపి వచ్చిన మర్నాడే తాతయ్య ఆ రివాల్వరును పోలీస్ స్టేషన్లో ఇచ్చేసి లైసెన్సు కూడా వద్దని రాసిచ్చి వచ్చాడట.

అప్పుడు నేను హోటల్ సంగతి బయటపెట్టాను. అరుగు మీద తాడు పేనుతున్న తాతయ్య అంతా విన్నాడు. పనాపి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"కుడిచెయ్యి ఎంగిలై ఉండె. ఎడంచెయ్యి ఉత్తగా ఉండె. అది నన్ను అడక్కుండా పొయ్యిందమ్మా. పిడి గూడా పట్టుకునేసింది" అన్నాడు. "ఇంగ దాన్ని ఆపేదానికి నాకేమీ దొరకలా. ఎంగిలి చేత్తో ఆయుధం ముట్టను గదా, అందుకే అన్నంలో పెట్టేస్తి."

"దాన్ని యాల ఇచ్చేస్తివి తాతా? వాళ్ళు మళ్ళా వస్తే?" అన్నాను.

"అది నడుముకుంటే నన్ను సూసి నాకే భయం. లేకుంటే వాళ్ళను సూసి భయం. వాళ్ళ భయమే మేలు."

మేలని ఆయన అన్నాడు గానీ ఆ భయం చిన్నదేమీ కాదు. ఆయన పలమనేరు వెళ్ళిన రోజున బస్సు దిగేదాకా అవ్వ వాకిట్లోంచి కదిలేది కాదు. మళ్ళీ అర్జీ పెట్టమని నాన్న ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. తమ్ముళ్ళు ఎదురైనప్పుడల్లా ఎడమచేత్తో తింటాడని ఎగతాళి చేసేవాళ్ళు, ఈయన తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. అలా ఏడేళ్ళు బతికి జ్వరంతో తన మంచం మీదే పోయాడు. నన్ను క్షమించమని ఆయనకు నేను చెప్పలేదు. పదకొండేళ్ళ పిల్లకు ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తెలిసే వయసు వచ్చేసరికి ఆయన లేడు.

మొన్న కుప్పంలో మా చెల్లెలి మనవడు బంధువులందరికీ మధ్యాహ్నం విందు ఇచ్చాడు. ఏసీ బార్ అండ్ రెస్టారెంట్. వాడికి గ్రానైట్ వ్యాపారం, నేనంటే ప్రేమ కూడా. రెండో గ్లాసు అయ్యాక, కూర్చుంటే పొడుచుకుంటోందని నడుము నుంచి పిస్తోలు తీసి కోడి ఎముకల ప్లేటు పక్కన పెట్టాడు. పిల్లలు చుట్టూ మూగారు. పెద్దవాళ్ళంతా చూసి మళ్ళీ తినడంలో పడ్డారు.

"తాగే దినం దాన్ని ఇంట్లో పెట్టి రావాలప్పా. ఎంగిలి చేత్తో ముట్టుకోవద్దు" అన్నాను.

వాడికేమీ కోపం రాలేదు. "టిష్యూ ఉండాది కదవ్వా" అని నవ్వి, వేళ్ళు శుభ్రంగా తుడుచుకుని, పిల్లలకు చూపించడానికి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అందరూ నవ్వారు. నేను ఇద్దరు పిల్లల్ని చేయి పట్టి దూరంగా ఇంకో బల్ల దగ్గరికి తీసుకుపోయాను. వాళ్ళు విడిపించుకుని మళ్ళీ అక్కడికే పరిగెత్తారు. అంతకు మించి ఏం చేయాలో నాకు తోచలేదు.

ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. కోపం వచ్చినప్పుడల్లా ముందు నా చేతులు ఎక్కడున్నాయో చూసుకునేదాన్ని. అది ఆ రోజు తాతయ్య దగ్గర నేర్చుకున్నదే. నా ఎదుట కూర్చున్న పిల్లలకు ఎంతమందికి అది నేర్పగలిగానో తెలియదు, సొంత ఇంటి పిల్లవాడికి మాత్రం నేర్పలేకపోయాను.

విందు అయ్యాక బయటికి వచ్చాం, కారు రోడ్డుకు అవతల ఉంది. మనవడు వచ్చి "పట్టుకో అవ్వా, బండ్లొస్తాండాయి" అని చేయి చాపాడు. పట్టుకున్నాను. టిష్యూతో తుడిచిన చేయి, శుభ్రంగానే ఉంది. రోడ్డు దాటుతున్నంతసేపూ నాకు కావలసింది మాత్రం అన్నం ఎండి అట్టకట్టిన ఆ చేయి.